హారన్ సన్నబడిన చోట

మా మామ్మ చర్చికి వచ్చేది కాదు. మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి చర్చే ఆవిడ అరుగు మీదకి వచ్చేది. మామ్మ అంటే నాన్న తల్లి. ఆదివారం మొదటి పాట మొదలయ్యేసరికి చాప వేయించుకుని, పక్కన చెంబుతో నీళ్ళు, ఒళ్ళో చింతపండు పళ్ళెం పెట్టుకుని, తలంటుకున్న జుట్టు ఆరబోసుకుంటూ కూర్చునేది. చర్చి పక్కనున్న కొబ్బరిచెట్టుకి రెండు హారన్లు కట్టి ఉండేవి. ఒకటి మా వీధి వైపు, రెండోది కాలువ వైపు. పాట వస్తే మామ్మ పెదవులు కదిపేది. ప్రార్థన వస్తే చింతపండు పక్కన పెట్టి కళ్ళు మూసుకునేది. ప్రసంగం సాగిందంటే మళ్ళీ గింజలు తీసుకునేది. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే నోటితో జవాబు చెప్పేది కాదు, ఆగమని చెయ్యి చూపించేది. ఆవిడ లెక్కలో తను చర్చిలో ఉంది, పలకరించినవాళ్ళు చర్చిలో కబుర్లు చెబుతున్నారు.

ఆ హారన్ల గొంతు మా నాన్న చేతిలో ఉండేది. నాన్న రాజోలు దగ్గర మా పల్లెటూళ్ళోనే చిన్న బళ్ళో మాస్టారు. చర్చిలో ఆంప్లిఫయర్ చూసే పని ఆయనకి ఎవరు అప్పజెప్పారో నాకు తెలియదు. నాకు ఊహ తెలిసేసరికే శనివారం సాయంత్రమంటే మా ఇంట్లో బ్యాటరీ పని. పాత కారు బ్యాటరీని ఛార్జింగ్ పెట్టించి సైకిలు వెనక కట్టుకుని తెచ్చేవారు. దాని కొమ్ముల మీద పేరుకున్న పచ్చటి తుప్పుని అరిగిపోయిన టూత్‌బ్రష్‌తో గీకి, వాజలైన్ రాసేవారు. మైకుని తుడిచి దిండు గలీబులో చుట్టి, పిల్లల చేతికి అందకుండా బీరువా మీద పెట్టేవారు. పక్కనే అమ్మ మర్నాటికి తన బండారులంక నేత చీర ఇస్త్రీ చేసుకునేది. బొగ్గుల ఇస్త్రీపెట్టె సెగ, వాజలైన్ జిడ్డు వాసన, పెరట్లో నీళ్ళు కాగడానికి పెట్టిన కొబ్బరి డొక్కల పొగ అన్నీ కలిసి ఒక వాసనయ్యేవి. ఇప్పటికీ వీటిలో ఏది ఎక్కడ తగిలినా నాకు ఆ రోజు శనివారమేమో అనిపిస్తుంది.

ఆదివారం నాన్న పాస్టరుగారి బల్ల పక్కన, తెర వెనకాల ముక్కాలిపీట మీద కూర్చునేవారు. ఆయన కాళ్ళ దగ్గర నేల మీద నేను. మైకు ఒక్కటే ఉండేది, అదే అందరి చేతులూ మారేది. పాస్టరుగారు దాన్ని మింగేసేలా పట్టుకునేవారు. పాట పాడే ఆడపిల్లలు మూరెడు దూరంలో పట్టుకునేవారు. ముసలమ్మలైతే గరిటె పట్టుకున్నట్టు గడ్డం కింద పెట్టుకుని పైకి చూస్తూ మాట్లాడేవారు. ఎవరి అలవాటు ఏమిటో నాన్నకి తెలుసు. వాళ్ళు నోరు తెరవకముందే ఆయన వేళ్ళు నాబ్ మీద అటో ఇటో జరిగేవి. ఎక్కువైతే హారన్ కీచుమనేది, తక్కువైతే వీధి చివరికి అందేది కాదు. వేడెక్కిన ఆంప్లిఫయర్ మీద దుమ్ము మాడిన వాసన వచ్చేది. "మైకు బాగుందని ఎవరైనా అన్నారంటే బాగా లేదన్నమాటేనమ్మా. అసలు మైకు ఉందనే గుర్తు రాకూడదు" అనేవారు నాన్న.

ఇన్నేళ్ళ తర్వాత ఇదంతా గుర్తు రావడానికి కారణం, ఆ పనే ఇప్పుడు నా చేతిలో పడడం. మొన్న మా బాబు మొదటి పుట్టినరోజుకి ఇంట్లో కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టారు. మా ఆయన మస్కట్‌లో పని చేస్తారు, సెలవు దొరకలేదు. నేనూ బాబూ రాజోలులో అత్తయ్యగారి దగ్గర, మామయ్యగారి దగ్గర ఉంటున్నాం. కూడిక మొత్తం ఫోన్‌లో రికార్డు చేశారు. ఆ ఫోన్ టీవీ స్టాండు మీద, మామయ్యగారి కుర్చీ పక్కన ఉంది. ఆడవాళ్ళందరం వంటింటి గుమ్మం దగ్గర చాపల మీద ఉన్నాం. పాస్టరుగారి వాక్యం, పాటలు అయ్యాక ఒక్కొక్కరం ప్రార్థన చేశాం. నేనూ చేశాను. మర్నాడు మా ఆయన ఫోన్ చేశారు. మా ఇంట్లో ఆయన ఫోన్ వస్తే స్పీకర్‌లో పెట్టి బల్ల మీద పెడతారు, అందరూ చుట్టూ కూర్చుంటారు. ఏడాది నుంచి నేను మా ఆయనతో మాట్లాడిన మాటల్లో ముప్పాతిక మామయ్యగారి దగ్గు శబ్దం మధ్యలో మాట్లాడినవే.

"నాన్న మాట్లాడితే చెవులు పగిలిపోతున్నాయి. పాటలు పరవాలేదు. నువ్వేం ప్రార్థన చేశావో ఒక్క ముక్క వినపడలేదు," అన్నారాయన. "నీకొచ్చుగా, అంతా ఒక్కలా చేసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టు. చెల్లీవాళ్ళు కువైట్‌లో అడుగుతున్నారు."

నాకు వచ్చు. పెళ్ళయ్యాక కూడా అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. పిల్లలకి పంపే రికార్డెడ్ పాఠాలకి ఆడియో సరిచేసే పని నాదే. బాబు కడుపులో పడ్డాక సెలవు పెట్టాను. కొత్త తరగతులు మొదలయ్యే జూన్‌లో వస్తే ఉద్యోగం ఉంటుందని, తర్వాతైతే వేరేవాళ్ళని తీసుకుంటామని ప్రిన్సిపాల్‌గారు చెప్పారు.

ఫోన్ పెట్టేశాక అత్తయ్యగారు నెమ్మదిగా దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, పాటలుంచు, పాస్టరుగారి వాక్యం ఉంచు, మీ మావయ్యగారి మాటలుంచు. నీ ప్రార్థన ముక్క తీసెయ్."

"ఎందుకండీ?"

"ఎందుకేంటమ్మా? ఇంట్లో మాట కువైట్ దాకా దేనికి?"

నేను ప్రార్థనలో అడిగినది పెద్ద విషయమేమీ కాదు. బాబుకి ఏడాది నిండినందుకు స్తోత్రం చెప్పాను. వాడి ఊపిరి ఆడుతోందో లేదో అని మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే నా భయం తీసెయ్యమన్నాను. జూన్ నుంచి నేను మళ్ళీ కాలేజీకి వెళ్ళేలా ఈ ఇంట్లో అందరి మనసులూ ఒకటి చెయ్యమన్నాను. ఈ చివరి మాట మా ఆయనకి మెసేజ్‌లో ఎన్నోసార్లు పెట్టాను. ప్రతిసారీ "అమ్మని అడుగు" అని వచ్చేది. అత్తయ్యగారిని అడిగితే "వాణ్ణి అడుగమ్మా, నాదేముంది" అనేవారు. మామయ్యగారు పేపరు తిప్పేవారు. కాదని ఎవరూ అనలేదు కాబట్టి నేను పోట్లాడడానికి కూడా ఎవరూ దొరకలేదు. అందుకే నలుగురు కూర్చున్న చోట, కళ్ళు మూసుకుని, దేవుడికి చెప్పాను. ఆ పద్ధతి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే సమయంలో తట్టలేదు. అత్తయ్యగారు తీసెయ్యమన్నాక తట్టింది. అది మా అమ్మ పద్ధతి.

మా చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉండేది. ఎవరైనా లేచి దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకోవచ్చు, కావలసినది అడుక్కోవచ్చు. మగవాళ్ళు ఎక్కువగా లేచేవారు కాదు. ఆడవాళ్ళకి మాత్రం వారం మొత్తంలో మైకు చేతికొచ్చే సమయం అదొక్కటే. మైకంటే హారన్లు, హారన్లంటే ఊరు. ఎవరితో మొహం మీద అనలేరో వాళ్ళు ఇంట్లో కూర్చుని వింటున్నారని ఈ ఆడవాళ్ళకి తెలుసు. "ప్రభువా, మా పక్కింటివాళ్ళ కోళ్ళకి మా తోటకూర మడి కనబడకుండా చెయ్యి తండ్రీ" అని ఒకావిడ ఎంతో భక్తిగా ప్రార్థించేది. సఖినేటిపల్లి రేవులో పడవ నడిపే ఒకాయన భార్య "నా భర్త హృదయాన్ని మార్చు తండ్రీ, ముఖ్యంగా సాయంత్రం పూట" అనేది. చర్చిలో అందరూ "ఆమేన్" అనేవారు. ఊళ్ళో ఎవరి అరుగు మీద వాళ్ళు, అది తమ గురించి కాదన్నట్టు కూర్చునేవారు.

అమ్మ పెళ్ళికి ముందే టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసింది. నేను బళ్ళో చేరాక ఒకసారి ఐ.పోలవరం వైపు ఒక బళ్ళో ఆమెకి ఉద్యోగం వచ్చింది. రోజూ వెళ్ళి రావడానికి కుదరనంత దూరం. అక్కడే గది తీసుకుని, నన్ను తీసుకుని వెళ్ళాలి, శనివారాలు ఇంటికి రావాలి. ఆ మాట ఎత్తితే మామ్మకి నిద్ర ముంచుకొచ్చేది. "తర్వాత చెప్పమ్మా, కళ్ళు మూతలు పడిపోతున్నాయి" అనేది, పట్టపగలు. నాన్న "చూద్దాం" అనేవారు. చేరవలసిన గడువు దగ్గరికొచ్చింది. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని గిన్నెలకి అవసరానికి మించి బూడిద పెట్టి తోముతూ ఉండేది. ఆ రోజుల్లో మా ఇంట్లో గిన్నెలు మెరిసినట్టు మళ్ళీ ఎప్పుడూ మెరవలేదు.

ఆ వారం కోతల పండుగ. చర్చి ముందు అరటిగెలలు, కంద దుంపలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజులు, కొత్త బియ్యం బస్తాలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు కాబట్టి ఊరు ఊరంతా చెవి అటే పెట్టి ఉంది. సాక్ష్యాల సమయంలో అమ్మ లేచింది. నేను తెర సందులోంచి చూశాను. మైకుని ఎక్కడ పట్టుకోవాలో నాన్న ఇంట్లో చాలాసార్లు చూపించారు కాబట్టి సరిగ్గా పట్టుకుంది. అమ్మది సన్నటి గొంతు. నాన్న ముందే వాల్యూమ్ పెంచి పెట్టారు. అమ్మ మొదట ఇంటిల్లిపాది ఆరోగ్యానికి స్తోత్రం చెప్పింది. అత్తగారి మోకాళ్ళ గురించి ప్రార్థించింది. తర్వాత "నాకు ఒక ఉద్యోగం దయచేసేవు తండ్రీ" అంది.

నాన్న వేళ్ళు నాబ్ మీద ఒక్క పిసరు వెనక్కి తిరిగాయి.

చర్చి కిటికీల్లోంచి బయటి హారన్ శబ్దం లోపలికి వినబడేది. తన గొంతు బయట సన్నబడిపోతోందని అమ్మకి తెలిసింది. గొంతు పెంచింది. "ఐ.పోలవరం వెళ్ళడానికి మా ఇంట్లో దారి తెరువు తండ్రీ" అంది. నాన్న ఇంకాస్త తగ్గించారు. అమ్మ ఇంకాస్త పెంచింది. చర్చిలో కూర్చున్నవాళ్ళకి ఆమె అరుస్తోంది, వీధిలో ఉన్నవాళ్ళకి గుసగుసలాడుతోంది. అమ్మకీ నాన్నకీ మధ్య ఒక తెర ఉంది, ఒకరినొకరు చూసుకోలేదు. నాన్న నుదుటి మీద చెమట పట్టింది. నాకు ఆయన చెయ్యి పట్టుకుని లాగాలనిపించింది. ఆ చెయ్యికి పాపం ఎటు తిరగాలో తెలియడం లేదని కూడా కనిపించింది.

ఇంటికి వచ్చేసరికి మామ్మ అరుగు మీదే ఉంది. చింతపండు పళ్ళెం దూరంగా జరిపి ఉంది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇవాళ హారన్‌కి ఏమొచ్చిందిరా?"

"బ్యాటరీ దిగిపోయిందమ్మా."

"సరిగ్గా మీ ఆవిడ మాట్లాడేటప్పుడే దిగిందా? పాస్టరుగారు లేచేసరికి మళ్ళీ పుంజుకుందే!"

నాన్న చెప్పుల పట్టీ విప్పుకుంటూ వంగి అలాగే ఉండిపోయారు.

"పిచ్చి నాయనా," అంది మామ్మ. "గట్టిగా వచ్చినంతసేపూ నేను గింజలు తీసుకుంటానురా. నువ్వు సన్నం చేసేవు గనకే చెవి పెట్టేను. నేనే కాదు, పంపు దగ్గర ఆడాళ్ళు బిందెలు దించేసి నిలబడిపోయేరు. అక్షరం పోకుండా విన్నాం."

నాన్న చేసిన పొరపాటు అది. ఇంత అనుభవం ఉన్న మనిషికి అది తట్టలేదు. మా ఊళ్ళో ఆదివారం హారన్ గాలీ వెలుతురూ లాంటిది, ఎవరూ పట్టించుకునేవారు కాదు. అది సన్నబడిందంటేనే అందులో ఏదో ఉందని అందరికీ తెలుసు. ఒక్క నాన్నకే, ఎప్పుడూ తెర వెనక కూర్చునేవారు కాబట్టి, తెలియదు.

మామ్మ అమ్మ వైపు తిరిగింది. "ఇంట్లో మాట దేవుడికి చెప్పుకోవాలి గానీ కొబ్బరిచెట్లకి చెబుతారా అమ్మా?"

"దేవుడికే చెప్పేనండి అత్తయ్యగారూ," అంది అమ్మ. "చెట్లకి చెప్పింది మీ అబ్బాయిగారు కట్టిన హారన్లండి."

"ఓహో, నోరు కూడా వచ్చిందే!" అంది మామ్మ. అమ్మ లోపలికి వెళ్ళి పండుగ అన్నాలు వడ్డించింది. కోడికూరలో ఉప్పు ఎక్కువైంది. ఆ సంగతి కూడా ఎవరూ అనలేదు.

ఆ వారంలోనే చర్చి పెద్దలు ఇద్దరు మా ఇంటికొచ్చారు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, "సాక్ష్యాలప్పుడు హారన్లు ఆపేస్తే శ్రేష్ఠంగా ఉంటుంది మాస్టారూ. లోపలివాళ్ళు లోపల వింటే చాలు" అన్నారు. నాన్న "ఆయ్, అలాగేనండి" అన్నారు. తర్వాతి ఆదివారం నుంచి సాక్ష్యాల సమయం రాగానే నాన్న హారన్ల వైరు పీకేసేవారు. మామ్మ అరుగు మీద దాన్ని విరామంలా తీసుకునేది, లేచి మంచినీళ్ళు తాగి వచ్చేది. కోళ్ళ గురించి చెప్పే ఆవిడ చెప్పడం మానేసింది, పక్కింటివాళ్ళకి వినబడనప్పుడు దేవుడికి చెప్పి ప్రయోజనం లేదనుకుందేమో. అమ్మ లేచి "ప్రభువు మేళ్ళకి స్తోత్రం" అని కూర్చునేది. ఐ.పోలవరం ఉద్యోగం గడువు దాటిపోయింది. వెళ్ళొద్దని ఎవరూ అనలేదు. నాన్న మాత్రం ఆ తర్వాత చాలా రోజులు ఇంట్లో రేడియో కూడా పెట్టలేదు.

అమ్మకి మొన్న ఫోన్ చేసి ఈ సంగతి కదిపాను. పిల్లాడు ఎలా ఉన్నాడు, జలుబు తగ్గిందా అని అడిగి అడిగి, ఆఖరికి జవాబిచ్చింది. "మీ నాన్న తగ్గించేరు కాబట్టి నాకు పంతం వచ్చిందే. ఆయన పెంచి పెట్టుంటే మధ్యలో భయమేసి కూర్చుండిపోయేదాన్నేమో" అంది. అంతలో వెనక టీవీ హోరెత్తింది. నాన్నకి ఇప్పుడు చెవులు సరిగ్గా వినబడవు, టీవీ పెద్దగా పెట్టుకుంటారు. "ఉండు, తగ్గించి వస్తాను" అని అమ్మ వెళ్ళింది. ఆ ఇంట్లో రిమోట్ ఇప్పుడు అమ్మ చేతిలో ఉంటుంది.

నా సంగతి వేరు. ఈ ఏడాదిగా నేను బతుకుతున్నదే వాల్యూమ్ తగ్గించుకుంటూ. బాబు నిద్ర పల్చన. కుక్కర్ రెండో కూతకి దించేస్తాను. గిన్నె మీద మూత పెట్టేటప్పుడు వేలు అడ్డం పెడతాను. కర్టెన్ రింగులకి గుడ్డ చుట్టాను. నా మువ్వల పట్టీలు తీసి డబ్బాలో పెట్టాను. వాడు ఏడిస్తే భయం, ఏడవకపోతే ఇంకా భయం. మామయ్యగారు ఫోన్‌లో వార్తలు పెద్దగా పెట్టుకుంటారు, తగ్గించమని అనలేను. హాలు దాటకుండా వీధిలోకి వెళ్ళలేను, హాలు దాటితే ఎక్కడికని అడుగుతారు. చెడ్డగా అడగరు, ప్రేమగానే అడుగుతారు. "ఏం కావాలో చెప్పమ్మా, తెప్పిస్తాను కదా" అంటారు. నాకు కావలసింది తెప్పించగలిగేది కాదని ఎలా చెప్పను?

బాబు మధ్యాహ్నం పడుకున్నప్పుడు ల్యాప్‌టాప్ తీశాను. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, ఇంకో చెవి వాడి వైపు. రికార్డింగు తెర మీద ఒక పొడుగాటి గీతలా పరుచుకుంటుంది. శబ్దం ఎక్కువైన చోట లావుగా, తక్కువైన చోట దారంలా ఉంటుంది. మామయ్యగారు మాట్లాడిన చోట అది పైనా కిందా హద్దులకి కొట్టుకుని చదునైపోయింది. పాటల చోట అలలు అలలుగా ఉంది. నేను మాట్లాడిన చోట అసలు ఎవరైనా మాట్లాడారా అన్నట్టుంది. మొత్తాన్ని ఒక్కసారి పెంచితే పెద్ద గొంతులు చిరిగిపోతాయి. ముందు వాటిని కిందికి తేవాలి, తర్వాత సన్నటి చోట్లని ఒక్కొక్క ముక్కగా కోసుకుని పైకి ఎత్తాలి. ఎత్తినప్పుడు గొంతు ఒక్కటే రాదు. ఫ్యాను, వంటింట్లో నీళ్ళ చుక్కలు, ఎవరో చాప మీద కాలు మార్చుకున్న చప్పుడు, అన్నీ కలిసి పైకొస్తాయి.

నా ముక్క దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఉన్నది ఉన్నట్టు వదిలేద్దామా అనిపించింది. అత్తయ్యగారి మాట తోసేసినట్టూ కాదు, నా మాట వెనక్కి తీసుకున్నట్టూ కాదు. సన్నగా ఉంటే మా ఆయన చెవి పెట్టి వింటారేమో, పంపు దగ్గర ఆడవాళ్ళలా. కానీ అది ఆ రోజుల సంగతి. మామ్మకి ఆ హారన్ తప్ప వినడానికి ఇంకేదీ లేదు, దాన్ని ముందుకు జరిపే వీలూ లేదు. మా ఆయన కంపెనీ బస్సులో, పదిమంది మాటల మధ్య వింటారు. వినబడని చోటు వస్తే బొటనవేలితో జరిపేస్తారు, అందులో చెడ్డతనం కూడా ఏమీ ఉండదు. ఇప్పుడు సన్నంగా ఉన్నదంటే లేనట్టే. కాబట్టి నాన్న తిప్పిన వైపు తిప్పితే, తీసెయ్యమన్న అత్తయ్యగారి మాట నేనే పాటించినట్టవుతుంది. ఈ ఇంట్లో నాబ్ నా చేతికి రావడం ఇదొక్కసారే. చెమట పట్టింది నాకు కూడా.

పెంచాను. మామయ్యగారి గొంతుకి సమంగా వచ్చేదాకా, కొద్దికొద్దిగా. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అది నేననుకున్నంత వణకలేదు. దానితో పాటు, దాని వెనకే, ఆ రోజు ప్రార్థన ధ్యాసలో నేను వినని ఒక చప్పుడు పైకొచ్చింది. ఇయర్‌ఫోన్ గట్టిగా నొక్కుకుని మళ్ళీ మళ్ళీ విన్నాను.

మర్నాడు పొద్దెక్కాక అత్తయ్యగారు పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని కొరమేనుకి బూడిద రాస్తున్నారు.

"తీసేశావా అమ్మాయ్ ఆ ముక్క?"

"లేదండి. ఒక్కసారి వినండి అత్తయ్యగారూ."

ఫోన్ నీళ్ళ తొట్టి గట్టు మీద పెట్టాను. ఆవిడ వినకుండా ఉండడానికి చేప వైపే చూస్తూ రుద్దుతున్నారు. "జూన్ నుంచి నేను మళ్ళీ కాలేజీకి వెళ్ళేలా ఈ ఇంట్లో అందరి మనసులూ ఒకటి చెయ్యి తండ్రీ" అని నా గొంతు వచ్చింది. ఆ వెంటనే, నా చివరి అక్షరం మీద పడుతూ, గట్టిగా, స్పష్టంగా, "ఆమేన్."

అత్తయ్యగారి చెయ్యి ఆగింది. "మళ్ళీ పెట్టు."

పెట్టాను.

"ఎవరది?"

"మీరేనండి."

"నేననలేదు."

"మీ గొంతేనండి. నా పక్కనే కూర్చున్నారు కదండీ."

"ఏదో ప్రార్థన జరుగుతుంటే నోటికొచ్చేస్తుంది," అన్నారు. "పాస్టరుగారికీ అంటాను, మీ మావయ్యగారికీ అంటాను. నువ్వేం అడుగుతున్నావో చూసుకుని అంటానా ఏంటి?"

"ఆయ్, చూసుకోరండి."

"ఎగతాళా?"

"కాదండి."

ఆవిడ బూడిద చేతిని అలాగే గాలిలో పట్టుకుని ఆలోచించారు. "నా గొంతు తీసెయ్. అదొక్కటీ."

"రాదండి. మీ మాట నా మాట మీద పడింది, మధ్యలో సందు లేదు. తీస్తే రెండూ తియ్యాలి."

"అయితే రెండూ తీ..." అని ఆగిపోయారు. చేపని తిరగేశారు. మళ్ళీ తిరగేశారు. "ఆమేన్ కత్తిరిస్తే పాపం కాదూ?"

పాపమో కాదో నిజంగానే నాకు తెలియదు.

"ప్రార్థనంటే నీది, నీ ఇష్టం. అనేసిన ఆమేన్‌ని ఎలా తీస్తామమ్మా?" అన్నారావిడ, నాతో కాదు, చేపతో అన్నట్టు. "ఉంచు. ఎలాగూ అన్నాను కదా. నా గొంతు మాత్రం మరీ అంత పెద్దగా పెట్టకు, అరుస్తున్నట్టుంది."

"మీది నేను పెంచలేదండి. నాతో పాటే పెరిగింది."

ఆవిడ నా వైపు ఒకసారి చూసి, చెంబుతో నీళ్ళు పొయ్యమన్నారు. పోశాను.

ఆ సాయంత్రం రికార్డింగుని గ్రూపులో పెట్టాను. "ఇప్పుడు అందరూ ఒక్కలా వినపడుతున్నారు" అని మా ఆయన మెసేజ్ పెట్టారు. కువైట్ నుంచి మా ఆడపడుచు దణ్ణం బొమ్మ పెట్టింది. మామయ్యగారు తన మాటల వరకు రెండుసార్లు విని, తన గొంతు తగ్గిందేమో అన్నారు. ప్రిన్సిపాల్‌గారికి వస్తానని నేనింకా చెప్పలేదు. అత్తయ్యగారి ఆమేన్ ఉంది, మా ఆయన విన్నారు, కాదనడానికి ఇప్పుడు ఎవరికీ కుదరదు. ఈ ధైర్యంతోనే ఇవాళ, అందరూ పడుకున్నాక, మంచం పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. అయినా పొద్దున బస్సెక్కిన దగ్గర నుంచి సాయంత్రం వచ్చేదాకా పిల్లాణ్ణి ఎవరు పట్టుకుంటారన్న మాట ఆ రికార్డింగులో ఎక్కడా లేదు. మొదటి నుంచి చివరిదాకా వెతికాను. ఎంత సన్నగా ఉన్నా సరే, ఉన్న మాటనైతే పైకి తేగలను. ఎవరూ అనని మాటని పెంచడం నాకు రాదు.